దేవుళ్ళు లేని ఎనిమిది రోజులు

మా ఇంటి కప్పు లేచిపోయిన రోజు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ సమయంలో నేను దానికి వేలాడుతూ ఉన్నాను.

అది సెప్టెంబరు. నగరంలో సిస్టర్ల బడిలో ఆరేళ్ళ చదువు ముగించుకుని ఇంటికి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం సముద్రం మీద మొదలైన గాలి, మా నల్లరాతి గోడలను లక్ష్యపెట్టకుండా, సరాసరి చూరు కిందికి దూరింది. మా దీవిలో రెల్లు కప్పిన ప్రతి ఇంటి మీదా, అదే రెల్లుతో పేనిన లావుపాటి మోకులను వలలాగా నిలువునా అడ్డంగా బిగించి, వాటి కొసలను చూరు కింది బొంగుకు ముడివేస్తారు. మా ఇంటికి సముద్రం వైపు మూలలో ఆ మోకులు వదులుగా ఉన్నాయి. ఆ సంగతి గాలికి తెలిసిపోయింది. నానమ్మ ఒక మోకు కొస పట్టుకుంది, అమ్మ ఒకటి పట్టుకుంది, నేనొకటి పట్టుకున్నాను.

"వదలకండే," అంది నానమ్మ.

"మేం వదలం గానీ, నువ్వు లేస్తున్నావు అత్తా," అంది అమ్మ.

నిజమే. నానమ్మ పాదాలు నేలకు జానెడు ఎత్తున ఆడుతున్నాయి. నేను ఒక చేత్తో మోకును, రెండో చేత్తో నానమ్మ నడుమును పట్టుకున్నాను. కప్పు మూల ఉడికే గంజి మీది మూతలా రెండు మూడుసార్లు ఎగిరి పడి, చివరికి ఎగిరింది మళ్ళీ పడలేదు. పక్కింటి పందుల దొడ్డిలో దొరికింది.

గాలి తగ్గాక నానమ్మ ఇంటి చుట్టూ తిరిగి చూసి వచ్చి, "పోయింది ఒక్క మూలేగా. మూడున్నాయి," అని పొయ్యి వెలిగించింది.

ఆ మూల వదులుగా ఉండడానికి కారణం అందరికీ తెలుసు. అంతకుముందు శీతాకాలంలో ఊరిలో అన్ని ఇళ్ళ కప్పులూ బిగించాక, ఆఖరి రోజు, పొద్దు వాలే వేళకు, అప్పటికే రెండిళ్ళలో చిలగడదుంపల సారా తాగి వచ్చిన ముగ్గురు మగవాళ్ళు మా కప్పు ఎక్కారు. వాళ్ళు పాడిన పాటలు చాలా బాగున్నాయని నానమ్మ ఇప్పటికీ అంటుందేమో, బతికి ఉంటే.

మూల పోయింది కాబట్టి మర్నాడే నేసుకోవచ్చు కదా అని బయటివాళ్ళకు అనిపిస్తుంది. మా దీవిలో ఇంటిని ముట్టుకోవడానికి ఏడాదికి ఎనిమిది రోజులే ఉన్నాయి. గడప మీద, పొయ్యి మీద, కప్పు శిఖరాన ఉండే నడికొప్పు మీద, చివరకు మరుగుదొడ్డి మీద కూడా కాపుండే పద్దెనిమిది వేలమంది దేవుళ్ళు జనవరి నెలాఖరులో బదిలీల కోసం పైలోకానికి వెళతారు. పాతవాళ్ళు బాధ్యత అప్పగిస్తారు, కొత్తవాళ్ళు ఉత్తర్వులు పుచ్చుకుని దిగుతారు. ఆ మధ్యలో ఎనిమిది రోజులు అడిగేవాడు ఉండడు. ఇల్లు మారేవాళ్ళు మారతారు, గోడ కట్టేవాళ్ళు కడతారు, కప్పు నేసేవాళ్ళు నేస్తారు. మిగతా రోజుల్లో ఒక్క మేకు కొట్టినా ఇంటికి కీడు.

అందుచేత అమ్మా నేనూ ఒక చిరిగిన తెరచాపను కింద నుంచి పోయిన మూల మీదికి విసిరి, దాని అంచులకు రాళ్ళు వేలాడదీశాము. విసరడం ముట్టుకోవడం కిందికి రాదని నానమ్మ తీర్పు ఇచ్చింది. ఆమె తీర్పుల మీద అప్పీలు ఉండదు.

*

జనవరి మధ్యలో వంతులు నిర్ణయించడానికి మన్‌సిక్ సంచున్ ఇంటి వాకిట్లో అందరం చేరాము. మా దీవిలో ఊరి పెద్దవాళ్ళను, ఆడా మగా భేదం లేకుండా, సంచున్ అనే పిలుస్తాము. పిలుపులో లేని భేదం కప్పు దగ్గరకు వచ్చేసరికి వచ్చేది.

మన్‌సిక్ సంచున్‌కు యాభై దాటాయి. కప్పు నేయడంలో ఆయనను మించినవాడు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో లేడు. అసలు మా ఊళ్ళో మగవాళ్ళే తక్కువ. ఎందుకు తక్కువో ఆ రోజుల్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. మా నాన్న కూడా పదేళ్ళ క్రితం, దీవిలోకి సైన్యం దిగినప్పుడు, కొండవైపు వెళ్ళి, తిరిగి రానివాళ్ళలో ఒకడు.

సంచున్ రోజువారీగా ఇళ్ళ పేర్లు చెప్పుకుంటూ వచ్చి, ఆఖరున, "ఆదివారం. ఆఖరి రోజు. మీ ఇల్లు," అని మా వైపు చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. సిస్టర్ల బడిలో మాట్లాడేటప్పుడు నిలబడాలి.

"సంచున్, సముద్రానికి ఎదురుగా ఉన్నది మా ఇల్లు. ముందు గాలి మాకే కొడుతుంది. ఇప్పటికే ఒక మూల లేదు. ముందు వంతు మాకెందుకు రాదు?"

"మగమనిషి ఉన్న ఇళ్ళు ముందు. వాళ్ళు నా కప్పుకి వస్తారు, నేను వాళ్ళ కప్పుకి పోతా. మీ ఇంట్లోంచి ఎవరొస్తారు?"

"ముగ్గురం వస్తున్నాం. కొండ మీద గడ్డి కోసింది ఆడవాళ్ళు. వీపున మోసింది ఆడవాళ్ళు. మోకులు పేనింది ఆడవాళ్ళు."

"కాదన్నానా? ఇద్దరాడవాళ్ళ పని ఒక మగాడి పని కింద లెక్క. నేను పెట్టిన రూలు కాదది."

"మరి ఎవరు పెట్టారు?"

"ఎప్పణ్ణించో ఉంది."

"మా నానమ్మ దగ్గు కూడా ఎప్పణ్ణించో ఉంది సంచున్. దాన్ని రూలు అనడం లేదు మేం."

ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళలో ఇద్దరు నవ్వబోయి సంచున్ ముఖం చూసి ఆగారు.

"టౌన్ నుంచి లాయరమ్మ దిగింది రోయ్," అన్నాడాయన.

"పోనీ, మా కప్పు మేమే ఎక్కి నేసుకుంటాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా పక్కింటి ఓక్‌బున్ వదిన నా పావడా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"ఆడపాదం నడికొప్పు మీద పడకూడదమ్మాయ్," అన్నాడు సంచున్, చిన్నపిల్లకు చెప్పినట్టు. "కొప్పు మీది దేవుడు ఊరుకోడు."

"ఆ ఎనిమిది రోజులూ ఆయన ఊళ్ళో ఉండడు కదా?"

సంచున్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"దేవుడు లేకపోతేనేం," అన్నాడు. "మేం ఉన్నాంగా."

నేను అంతటితో ఆగకుండా, "మీ ఇల్లు ఎన్నో రోజు సంచున్? మొదటిరోజేనా?" అని అడిగాను. అది అడగవలసిన ప్రశ్న కాదు. నాకు అడగాలనిపించింది, అడిగాను.

"అది నా సంగతి," అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

*

న్యాయం కోరేవారు ముందుగా నిబంధన ఏమిటో తెలుసుకోవాలని సిస్టర్ అగాథా చెప్పేది. మర్నాడు నేను ఒక బుట్టెడు చిలగడదుంపలు తీసుకుని ఊరి పూజారమ్మ దగ్గరకు వెళ్ళాను. దేవుళ్ళను పిలవడం, పంపడం, బుజ్జగించడం ఆమె వృత్తి. మెడలో శిలువ వేసుకున్న పిల్ల గుమ్మంలో నిలబడేసరికి ఆమెకు చాలా సంతోషం కలిగింది.

"ఏం, మీ సిస్టర్లు పంపారా నన్ను మార్చడానికి?"

"లేదు. ఒక సందేహం ఉంది. కొప్పు దేవుడు లేని రోజుల్లో ఆడది కొప్పు మీద అడుగు పెడితే తప్పు ఎవరి ఖాతాలోకి పోతుంది?"

ఆమె ఒక దుంప తీసుకుని బూడిదలో పెట్టింది. అది కాలాక తొక్క తీసి, సగం నాకిచ్చి, అప్పుడు చెప్పింది.

"చూడు. వాళ్ళు పోతే అందరూ పోతారు. ఒకణ్ణి కాపలా పెట్టి పోరు. ఎవరూ చూడందీ, ఎవరూ రాసుకోందీ నేనెట్టా తప్పంటాను?"

"అంటే ఎక్కవచ్చు."

"ఎక్కొచ్చని నేననలేదు. కొత్తాయన దిగే వేళకి కొప్పు ఖాళీగా ఉండాలంటున్నా. ఆఖరి రోజు పొద్దు గుంకే లోపల దిగిపో. వచ్చీ రాంగానే కాళ్ళ కింద ఎవరన్నా కనపడితే ఎవరికైనా మండుతుంది."

నేను ఈ తీర్పును ఇంటికి తెచ్చి నానమ్మకు వినిపించాను. నానమ్మ శ్రద్ధగా విని, "దుంప బాగా కాల్చిందా?" అని అడిగింది.

*

ఆ వారం మొదలైంది. మేము మా ఇంటి సంగతి పక్కనపెట్టి రోజూ వేరేవాళ్ళ ఇళ్ళకు పనికి వెళ్ళాము; మొదటిది ఆదివారం కాబట్టి ఆ ఒక్క రోజు నేను వెళ్ళలేదు. ఇది నాకు నచ్చలేదు. మనకు చేయని వాళ్ళకు మనమెందుకు చేయాలని నా వాదన. "చేయాల్సింది చేసి అడిగితే గొంతు లేస్తుంది," అన్నది అమ్మ. ఆమె మాటలు తక్కువ. ఊరిలో పేరున్న డైవర్ ఆమె. ఊపిరి బిగబట్టి నీళ్ళ అడుగుకు వెళ్ళి నత్తలు, సముద్రపు పాచి కోసుకు వచ్చే మనిషి కాబట్టి, గాలి వృథా చేసేది కాదు.

ఆరు రోజులు పనులు చక్కగా సాగాయి. శనివారం తెల్లవారేసరికి మంచు పడింది. కప్పుల మీద మోకాలి లోతు మంచు ఉంటే నేసేది ఎవరు? ఆ రోజు రెండిళ్ళ పని ఆగిపోయి ఆదివారానికి జరిగింది. సాయంత్రం మన్‌సిక్ సంచున్ మా గుమ్మం ముందు నిలబడి, బూట్లకు అంటిన మంచు దులుపుతూ, నానమ్మతో మాట్లాడాడు.

"సంచున్, ఈ ఏడు మీ ఇంటికి కుదిరేట్టు లేదు. రేపు ఒక్కపూటలో రెండిళ్ళు చేయాలి. వచ్చే ఏడు మొదటి వంతు మీకే. నా మాట."

"వచ్చే ఏడు దాకా ఈ కప్పు ఉంటుందంటావురా?"

"ఉండకపోతే... తుఫాన్లు పోయేదాకా ఓక్‌బున్ ఇంట్లో సర్దుకోండి. ఏముంది, నాలుగు నెలలు."

"నేను ఈ ఇల్లు వదలను," అంది నానమ్మ మామూలుగా. "నా కొడుకు వచ్చాడంటే ఎక్కడికని వస్తాడు?"

సంచున్ బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన తమ్ముడు కూడా మా నాన్న వెళ్ళిన దారినే వెళ్ళాడు. మిగిలిన మంచు కూడా దులిపి వెళ్ళిపోయాడు.

తడిసిన గోడ మట్టి అప్పటికే పెళ్ళలుగా రాలుతోంది. తెరచాప ఇంకో తుఫానుకు ఆగదు. కప్పు పోతే గోడ, గోడ పోతే ఇల్లు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

"రేపు పొద్దున్నే ఎక్కుదాం," అంది అమ్మ.

ఆ మాట కోసం రెండు వారాలుగా ఎదురుచూసిన నేను, "రేపు ఆదివారం," అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. ఆదివారం నాడు కూలిపని పాపమని ఆరేళ్ళు నేర్చుకున్నదాన్ని. బొత్తాము ఊడినా సోమవారం దాకా పిన్నుతో తిరిగినదాన్ని.

నానమ్మకు ఇదంతా చాలా ఆసక్తిగా అనిపించింది.

"మా పద్దెనిమిది వేలమందీ వెళ్ళారు. మీకున్నది ఒక్క దేవుడేగా. ఆయన వెళ్ళలేదా?"

"ఆయనకి బదిలీ లేదు నానమ్మా. ఎప్పుడూ ఇక్కడే ఉంటాడు."

"ఎప్పుడూనా? సెలవు కూడా లేదా?"

"లేదు."

"పాపం," అంది నానమ్మ. "అయితే రేపు చూస్తాడన్నమాట."

"చూస్తాడు."

ఆ రాత్రి నేను నిద్రపోయాను. పెద్ద నిర్ణయాలకు ముందు నిద్ర పట్టదని అంటారు గానీ, పగలంతా మంచు ఎత్తినవాళ్ళకు పడుతుంది. తెల్లవారి లేచి, ముఖం కడుక్కుని, జపం చేసుకుని, పావడా ఎగదోపి నడుముకు కట్టి నిచ్చెన దగ్గరకు వెళ్ళాను.

"చూడనీ నానమ్మా," అన్నాను. "ఎవరూ చూడకుండా చేసే పని కాదు కదా ఇది."

*

ఓక్‌బున్ వదిన కూడా వచ్చింది. ఆమె కప్పును పక్క ఊరి నుంచి ఆమె అన్న వచ్చి ముందే నేసి వెళ్ళాడు. "మా అన్న చూస్తే చంపుతాడు, అందుకే వాడు వెళ్ళాక వచ్చా," అంటూ నాకన్నా ముందు కప్పు ఎక్కేసింది. మంచు తుడిచి, తెరచాప లాగి పడేసి, పోయిన మూలలో కొత్త రెల్లు పరిచాము. నానమ్మ కింద నుంచి కట్టలు అందిస్తూ, ప్రతి కట్టతోపాటు ఒక సలహా కూడా అందించింది.

నడికొప్పు మీద మొదటిసారి నిలబడినప్పుడు ఏం జరుగుతుందోనని ఆగాను. ఏమీ జరగలేదు. సముద్రం కనపడింది. ఊరిలోని ముప్పై కప్పులూ నున్నగా దువ్విన తలల్లా కనపడ్డాయి. పుట్టి పెరిగిన ఊరిని నేను అలా ఎన్నడూ చూడలేదు. మగవాళ్ళు ఏడాదికోసారి ఇంత అందమైన దాన్ని చూసి వచ్చి, ఒక్కరూ మాకు చెప్పలేదు.

ముందు నిలువు మోకులు, తర్వాత అడ్డ మోకులు. మేమిద్దరం పైన మోకును తొక్కి బిగిస్తే, అమ్మ నిచ్చెన మీద నిలబడి కొసలను చూరు బొంగుకు ముడివేసింది. చకచకా, వంక లేకుండా. ప్రతి ముడి బిగించాక ఆమె నోటి నుంచి సన్నటి ఈల వచ్చింది. డైవర్లు నీటి అడుగు నుంచి తేలగానే, బిగబట్టిన ఊపిరి వదులుతూ వేసే ఈల అది. ముడి వేసేటప్పుడు ఊపిరి బిగబడుతోందని ఆమెకే తెలియదు.

ఆ ఈల కప్పుల మీదుగా ఊరంతా పోయింది. సముద్రంలో వినపడవలసిన శబ్దం ఆకాశంలో వినపడేసరికి, మధ్యలో ఒకే ఒక ఇంటి అవతల, వాయిదా పడిన రెండిళ్ళూ ముగించి వచ్చి తన కప్పు మీద మోకాళ్ళ మీద ఉన్న మన్‌సిక్ సంచున్ తలెత్తాడు.

ఆయన ఆఖరి రోజున తన సొంత కప్పు మీద ఉండడం చూసి నాకు ఆశ్చర్యం కలగవలసింది. కలగలేదు. యుద్ధానికి సిద్ధంగా ఉన్న మనిషికి ఎదుటివాడు ఎక్కడ ఉన్నాడన్నదే కనపడుతుంది.

"దిగండి!" అని అరిచాడాయన.

"పొద్దు గుంకగానే దిగుతాం!" అని అరిచాను. "పూజారమ్మ చెప్పింది!"

"పూజారమ్మకి కప్పు పనేం తెలుసు?"

"మీకు దేవుళ్ళ పనేం తెలుసు?"

"ఏవమ్మా, నీ కూతురికి నువ్వన్నా చెప్పవా?" అని ఆయన అమ్మను అడిగాడు.

"నోట్లో తాడుంది సంచున్, తర్వాత మాట్లాడతా," అంది అమ్మ, నోట్లో తాడుతోనే.

ఆయన పక్కన పనిచేస్తున్న ఇద్దరూ నవ్వారు. ఆయన తన పనిలో పడ్డాడు. మేము మా పనిలో పడ్డాము. మధ్యాహ్నం దాటేసరికి ముప్పై ముళ్ళు పూర్తయ్యాయి. ఇంకో పది ఉన్నాయి. అప్పుడు అమ్మ ఒక మోకు వంకరగా పోయిందని గమనించి, ముడి కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి విడిపోయింది.

"ఆగాగు!" అన్నాడు సంచున్ అవతలి కప్పు మీద నుంచి. "మళ్ళీ వెయ్యి ఆ ముడి. ఇంకోసారి లాగు."

అమ్మ వేసింది. లాగింది. విడిపోయింది.

"జారుముడి!" ఆయన తల పట్టుకున్నాడు. "ఓసి తల్లీ, అన్నీ అవే వేశావా?"

అమ్మ చేతిలోని తాడు వైపు చూసుకుంది. ఆమె ముఖంలో రంగు పోవడం నేను పైనుంచి చూశాను. నలభై ఏళ్ళుగా ఆమె చేతులు నేర్చుకున్నది ఆ ఒక్క ముడే. నీళ్ళ కింద వల రాళ్ళకు చిక్కితే ఒక్క లాగుకు ఊడి రావాలి, లేకపోతే మనిషి పైకి రాదు. ఆ ముడి ఆమెను ఎన్నిసార్లు బతికించిందో. గాలి మాత్రం వచ్చి ఆ కొసనే వెతుక్కుంటుంది.

ముప్పై ముళ్ళు. పొద్దు గుంకడానికి మూడు గంటలు.

"నీళ్ళలో ప్రాణం కాపాడుతుంది అది," అన్నాడు సంచున్. ఆయన గొంతులో వెటకారం లేదు. "ఇక్కడ పీటముడి పడాలి. ఇటు చూడండి. అందరూ చూడండి."

ఆయన తన కప్పు అంచున కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి, ఒక మోకు ముక్కను గాలిలో పట్టుకున్నాడు. మెల్లగా, పెద్దగా, బడిలో పంతులు పలక మీద రాసినట్టు, ఒక్కో మెలిక చూపించాడు. మేము ముగ్గురమూ తాళ్ళు ఎత్తి పట్టుకుని అలాగే చేశాము. కింద నానమ్మ తన కొంగుతో చేసింది.

"ఓక్‌బున్, అది ముడి కాదు, జడ! కింద నుంచి తియ్యి. ఆఁ. లాయరమ్మా, నీది తిరగబడింది. తప్పు ఒప్పుకుని మళ్ళీ వెయ్యి."

నేను మళ్ళీ వేశాను. ఆయన ప్రతి ఒక్కరి చేతులూ చూసి, ఒక్కొక్కరి చేత నాలుగేసిసార్లు వేయించాడు. ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. ఆయన సహాయం తీసుకోవడం నాకు చేదుగా ఉంది, మెలిక మీద ధ్యాస పెట్టి ఆ చేదు మింగాను.

తర్వాత ముప్పై ముళ్ళూ విప్పి వేసి, మిగిలిన పదీ వేశాము. జారుముళ్ళు కాబట్టి విప్పడం సులభమైంది. ఆఖరిది వేసేసరికి సూర్యుడి కింది అంచు నీళ్ళకు తగిలింది. నేను కొప్పు మీద నుంచి జారి, నిచ్చెనలో సగం మెట్లు మరిచిపోయి, నేల మీద పడ్డాను.

నానమ్మ కప్పు వైపు తలెత్తి రెండు చేతులూ జోడించింది. "రండి బాబూ, రండి. ఖాళీగానే ఉంది," అంది కొత్తగా వచ్చేవాళ్ళతో.

వారం తర్వాత పది మైళ్ళు నడిచి చర్చికి వెళ్ళి పాపసంకీర్తనం చేశాను.

"ఆదివారం పని చేశాను ఫాదర్."

"ఏం పని?"

"కప్పు నేశాం."

"పూర్తయిందా?"

"పూర్తయింది."

"పది జపాలు చెప్పుకో," అన్నాడాయన. "వెళ్ళేముందు ఈ చర్చి కప్పు ఒకసారి చూసి వెళ్ళు. మూడు చోట్ల కారుతోంది."

*

ఆ ఏడాది పంటల పండుగ నాడు తుఫాను వచ్చింది. పెద్దలకు పెట్టడానికి అన్నం, కూర, ఎండబెట్టి కాల్చిన పెద్ద చేప సిద్ధం చేసి బల్ల మీద పెట్టాము. అప్పుడే పగలు సాయంత్రమైపోయింది. మా దీవిలో ముసలివాళ్ళు కూడా అటువంటి గాలిని ఎరగమని తర్వాత చెప్పారు. మోకులు బిగుసుకుని మూలిగాయి. ముగ్గురమూ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాము. కప్పు ఊపిరి తీసినట్టు కొంచెం లేచేది, మోకులు పట్టి మళ్ళీ కూర్చోబెట్టేవి. నేను నలభై ముళ్ళనూ ఒక్కొక్కటిగా మనసులో తడిమి చూసుకున్నాను.

తలుపు తట్టిన చప్పుడైంది. ముందు ఓక్‌బున్ వదిన వచ్చింది. ఆమె అన్న నేసిన కప్పు సగం పోయింది. తర్వాత రెండో పక్కింటివాళ్ళు వచ్చారు. ఆఖరున మన్‌సిక్ సంచున్, ఆయన భార్య, ముసలి తల్లి, ఇద్దరు కూతుళ్ళు తడిసి ముద్దై లోపలికి వచ్చారు.

"మీదా?" అంది నానమ్మ నమ్మలేనట్టు. "నీ కప్పు పోయిందిరా?"

"సముద్రం వైపు మూల," అన్నాడాయన. తువ్వాలుతో తల తుడుచుకుంటూ, అలవాటు చొప్పున, మా వాసాల వైపు, చూరు వైపు చూశాడు.

మిగతాది ఆయన భార్య చెప్పింది. "పోదూ మరి? ఆ మూల ఆరు ముళ్ళు పడనే లేదు. ప్రతి ఏడూ ఇంతే, ఊరందరివీ అయ్యాక మనది. ఆ రోజు పొద్దు వాలిపోయిందని దిగొచ్చేశాడు."

"ఊరుకోవే," అన్నాడు సంచున్.

అమ్మ చేతిలోని గరిటె ఆగింది. ఆ రోజు మాకు మెలికలు చూపించిన సమయం ఆరు ముళ్ళకు సరిపోతుంది. ఆ లెక్క నాకు ఆ క్షణంలోనే తెలిసింది. వాకిట్లో అందరి ముందూ నేను ఆయనను అడిగిన ప్రశ్న కూడా గుర్తొచ్చింది. ఆయన అప్పుడే జవాబు చెప్పి నన్ను కూర్చోబెట్టి ఉండవచ్చు.

"సంచున్," అన్నాను. ఆ తర్వాత ఏమనాలో సిస్టర్లు నేర్పారు గానీ, నోటికి రాలేదు.

"వచ్చే జనవరిలో మొదటి కప్పు మీదే," అంది అమ్మ ఆయనతో. "నేనొస్తా. చూరు ముళ్ళు నేను వేస్తా."

ఆయన తన తల్లి వైపు చూశాడు. ఆవిడ పళ్ళు లేని నోటితో, "ఎక్కనీరా, కొప్పు మీద ఆ వారం ఎవడుంటాడు గనక," అంది.

"సరే," అన్నాడు సంచున్. "రోజుకి..."

"రోజు," అన్నాను నేను. "రోజుకి రోజు. సగం కాదు."

"అదే అంటున్నా లాయరమ్మా. నన్ననియ్యవేం."

పెద్దలకు పెట్టడం ముగించి అన్నాలకు కూర్చున్నాము. మేము పదమూడు మందిమి, గిన్నెలు ఆరు. వంతులు వేయవలసి వచ్చింది, ఆ పని నానమ్మ నాకు అప్పగించింది. ముందు పిల్లలకు పెట్టాను, తర్వాత ముసలివాళ్ళకు, తర్వాత ఆడవాళ్ళకు. మన్‌సిక్ సంచున్‌ను ఆఖరున కూర్చోబెట్టాను. ఆయన తన వంతు కోసం గోడకు ఆనుకుని, పైన మోకుల మూలుగు వింటూ కూర్చున్నాడు.

చేపలో నడిముక్కను ఆయన కోసం పక్కకు తీసి ఉంచాను.